కాడి మోయని మెడ మీద సుడి

పశువుల డాక్టరుగా చేరిన మొదటి ఏడాదిన్నరలో నేను ఒక్క ఎద్దు కాలు కూడా పట్టి చూడలేదు. కోళ్ళు వచ్చేవి, మేకలు వచ్చేవి, ఒకసారి ఎవరో రామచిలకను కూడా తెచ్చారు. ఎద్దులు మాత్రం ఆసుపత్రి గేటు దాకా వచ్చి, వరండాలో నన్ను చూసి వెనక్కి మళ్ళేవి. పాపం ఎద్దులదేముంది, మళ్ళించేది పగ్గం పట్టుకున్న మనుషులు.

"డాక్టరు లేడామ్మా?"

"నేనే డాక్టర్ని."

"అట్లనా." నన్నూ, నా చీరనూ, మెడలో స్టెతస్కోపునూ ఒక్క నిమిషం చూసేవాళ్ళు. "సరేమ్మా, రేపొస్తాం."

ఆ రేపు ఎప్పుడూ రాలేదు. అటు నుంచి అటే మా నాయన దగ్గరికి పోయేవాళ్ళు.

ఇది డెబ్భైల చివరి మాట. తిరుపతిలో చదువు ముగించుకున్న నాకు చిత్తూరుకు గంట ప్రయాణంలో ఉన్న చిన్న టౌనులో ఉద్యోగం ఇచ్చారు. మా ఊరు అక్కడికి ఆరు మైళ్ళే. సొంత మనుషుల మధ్య పని చేస్తానని సంబరపడ్డాను. ఆ సంబరం వారంలో తీరిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పశువుల సంగతి తెలిసిన మనిషి మా నాయన ఒక్కడే. ఆయన కూతురంటే ఆయన కూతురే, డాక్టరు కాదు.

నాయన బడి మొహం చూసినవాడు కాదు. అయినా శనివారం సంతలో ఎవరు ఎద్దుల జత కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుపోయేవాళ్ళు. ఆయన బేరంలో వేలు పెట్టడు. ఎద్దు చుట్టూ ఒకసారి తిరిగి, పళ్ళు చూసి, గిట్టలు తట్టి, వీపంతా అరచేత్తో నిమిరి ఒక్క మాట చెబుతాడు. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు అలవాటు లేదు. అన్నిటికంటే ఆయన పట్టింపు సుడి మీద. అంటే ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటు. అది నుదుట ఉంటే ఒక లెక్క, వీపు మీద ఉంటే ఇంకో లెక్క. మనుషుల అదృష్టాన్ని కూడా మేం సుడి అనే అంటాం. వాడికి సుడి ఉందంటే వాడు పట్టిందల్లా బంగారమని అర్థం. నేను చదివిన లావుపాటి పుస్తకాల్లో ఒక్కదాంట్లోనూ సుడి మాటే లేదు.

ఎద్దులు రాకపోయేసరికి నాకు కుక్కలే దిక్కయ్యాయి. ఆ టౌనులో చెప్పుకోదగ్గ కుక్క ఒక్కటే ఉండేది. మిలట్రీలో సుబేదారుగా చేసి వచ్చిన ఒకాయన బెంగళూరు నుంచి తెచ్చుకున్న లాబ్రడార్ ఆడకుక్క అది. ఆ లాబ్రడార్ రిట్రీవర్ జాతి గురించి కాలేజీలో మాకు ఒక క్లాసు జరిగింది. మా లెక్చరరు బోర్డు మీద 'ఆదర్శ జాతి లక్షణాలు' అని రాసి గంటసేపు నోట్సు చెప్పారు. వెడల్పు తల, ఏట్లో చేపలు పట్టే నీటికుక్క తోకలాంటి తోక, రెండు పొరల బొచ్చు, మెత్తని నోరు. క్లాసులో ఒక్కరమూ ఆ జాతిని కళ్ళతో చూసినవాళ్ళం కాదు. చూపించడానికి హాస్టల్ మెస్సు దగ్గర తిరిగే ఊరకుక్కను తెచ్చి నిలబెట్టి, ఇలా ఉండకూడదు అన్నారు. అందరం పాసయ్యాం.

సుబేదారు గారి కుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. నలభై రోజుల పిల్లలకు నులిపురుగుల మందు వేయడానికి నేను పోయిన రోజే నాయన కూడా నాకు వేరుశనక్కాయలు ఇచ్చి పోదామని బస్సు దిగాడు. ఆయన పేరు విన్న సుబేదారు గారు వదుల్తారా.

"పెద్దాయనా, మీరు చెయ్యి పెట్టిందే నేను పెట్టుకుంటా. ఒకటి ఏరి ఇయ్యండి."

నాయనకు అప్పటికే చూపు మసకబారింది. ఒక్కోదాన్నీ మొహం దగ్గరికి తెచ్చుకుని, వేళ్ళతో తడిమి కింద పెడుతున్నాడు. అన్నిట్లోకీ బొద్దుగా, గోధుమపిండి రంగులో ఉన్న మగపిల్ల దగ్గర ఆయన వేలు ఆగింది. మెడ దిగువన, రెండు భుజాల మధ్య వెంట్రుకలు తిరిగి ఉన్నాయి.

"ఇది వద్దప్పా. కాడి పడే సోట సుడి ఉండాది. ఇంటికి అచ్చిరాదు."

"నాయనా, అది కుక్క!" అన్నాను, నలుగురిలో ఉన్నానని కూడా చూసుకోకుండా.

"కుక్కయితే ఏమి పాపా? సుడి సుడే."

వారం తిరిగేసరికి నాలుగు పిల్లలు నాలుగిళ్ళకు పోయాయి. ఐదోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను ఏదో పని మీద అటు పోతే సుబేదారు గారు దాన్ని గోనెసంచిలో పెట్టి, సైకిలు వెనక కట్టుకుని ఏటి ఇసుకలో వదిలి రావడానికి బయల్దేరుతున్నారు. రెండు యుద్ధాలు చూశానని చెప్పుకునే మనిషి! తూటాలకు లేని భయం బొటనవేలంత సుడికి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. సంచి మూతి విప్పి, పిల్లను చంకన పెట్టుకుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా మా క్వార్టర్సుకు వచ్చేశాను.

నిజం చెప్పాలి. ఇంటికి తెచ్చాక నేను మాత్రం చేసిందేమిటి? అది కాస్త ఎదగ్గానే టేపు తీసి, కాలేజీ నోట్సు ముందు పెట్టుకుని కొలవడం మొదలుపెట్టాను. తోక కొంచెం పొడుగు. మూతి కొంచెం సన్నం. ఛాతీ మీద తెల్ల మచ్చ. నోట్సు ప్రకారం ఇది ఆదర్శానికి ఆమడ దూరం అని తేల్చి, పుస్తకం మూసేశాను. నాయన సుడితో కొట్టేశాడు, నేను టేపుతో కొట్టేశాను. ఆ పిల్లకు పేరు పెట్టడానికి కూడా నాకు మనసు రాలేదు. ఒరేయ్ అంటే వచ్చేది, అదే పేరైపోయింది.

ఊళ్ళో మాట పుట్టింది. డాక్టరమ్మ అచ్చిరాని కుక్కను ఇంట్లో పెట్టుకుందని, ఆ చేత్తో మన పశువును ముడితే ఏమవుతుందోనని. గేటు దాకా వచ్చే ఎద్దులు ఇప్పుడు వీధి మలుపులోనే ఆగిపోతున్నాయి. ఏడాది తిరిగేసరికి నాయన చూపు పూర్తిగా మందగించి, సంతలో దూడను పట్టుకుని ఆవనుకున్నాడు. ఇంకేముంది, కుక్క సుడి పెద్దాయన కళ్ళను తినేసిందన్నారు. నాయన మా ఇంటి గడప తొక్కడం మానేశాడు. దాన్ని వదిలేయమని ఆయన నోటితో అనలేదు, అందరూ అంటుంటే వద్దనలేదు, అంతే. ఆ కుక్క నా దగ్గర ఉన్నంతకాలం ఆ ఊళ్ళో నేను డాక్టర్ని కాలేనని నాకు అర్థమైంది. ఆ సుడి మాటకు లొంగి దాన్ని వదిలేస్తే ఇక ఎప్పటికీ కాలేననీ అర్థమైంది.

తిరుపతి ఆసుపత్రిలో నాయన కుడికంటికి పొర తీశారు. ఎడమకంటికి తర్వాత చేస్తామన్నారు. కుడికంటికి కట్టు, ఎడమకంటికి పొర, వెరసి ఆయనకు పగలూ చీకటే. నలభై రోజులు వంగకూడదు, బరువు ఎత్తకూడదు, తలకు నీళ్ళు తగలకూడదు. అమ్మ లేదు, నాకు తోబుట్టువులు లేరు. మా ఇంటికి రాక ఆయనకు గతి లేదు.

బస్సు దిగగానే షరతు పెట్టాడు. "దాన్ని నా మంచం కాడికి రానీవాకు."

"కళ్ళు పోయేదానికి కుక్కే కావల్నా నాయనా? పొర పదేళ్ళ నుంచి వస్తా ఉండాదని డాక్టరు సెప్పలేదా?"

"గమ్మునుండు."

గమ్మునున్నాను. కుక్కను పెరట్లో కట్టేసి, నాయన మంచం వరండాలో వేశాను. నేను ఆసుపత్రికి పోతే ఇంట్లో ఇద్దరే. ఒకరికి కళ్ళకు గంతలు, ఒకరి మెడకు గొలుసు.

మూడో రోజు మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి గొలుసు ఊడి పడి ఉంది. కుక్క వరండా మెట్టు మీద ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది.

"పాపా, నా పొడుం డబ్బీ కిందపడితే ఎవురో తీసి సేతికిచ్చినారు. పలకరిస్తే పలకలే. ఎవురు వచ్చినారు?"

"ఎవురూ రాలే. డబ్బీ తడిగా ఉన్నిందా?"

ఆయన డబ్బీని బొటనవేలితో రుద్ది చూసుకున్నాడు. కుక్కను మళ్ళీ కట్టేయమని మాత్రం అనలేదు. మర్నాడు వంటింట్లో నుంచి చూస్తే, ఆయన మెల్లిగా చెయ్యి మంచం బయటికి చాపి డబ్బీని తనే జారవిడుస్తున్నాడు. అది టంగుమని దొర్లింది. కుక్క లేచి వెళ్ళి, నోట కరుచుకుని తెచ్చి, ఆయన అరచేతిలో పెట్టి కూర్చుంది. ఆయన మళ్ళీ పడేశాడు. ఆ పూట డబ్బీ ఎన్నిసార్లు దొర్లిందో నేను లెక్కపెట్టలేదు కానీ, అన్నం మాత్రం మాడింది.

ఆ సాయంత్రం అడిగాడు. "పాపా, దీని పని ఏంది?"

"అంటే?"

"ఎద్దుకు కాడి ఉండాది. ఆవుకు పాడి ఉండాది. దొరలు ఈ జాతిని ఏం పనికి పెంచినారు?"

నాకు సిగ్గేసింది. టేపు పట్టుకుని అన్నీ కొలిచాను కానీ ఈ ప్రశ్న నేను అడగలేదు. "వేటలో కొట్టిన పక్షి నీళ్ళల్లో పడితే ఈది పోయి తెచ్చిచ్చేదానికి" అన్నాను.

"తెచ్చిచ్చే కుక్క" అన్నాడు నాయన, ఆ మాటను నోట్లో వేసుకుని రుచి చూస్తున్నట్టు. "అట్లయితే నీ పుస్తకంలో ఏముండాదో సదువు. ఒగొగటీ సదువు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో క్లాసు మొదలైంది. నేను నోట్సు చదవడం, ఆయన కుక్కను తడమడం. బొచ్చు రెండు పొరలు అని చదివితే, వేళ్ళు లోపలికి పోనిచ్చి, పైది బిరుసు, కిందిది దూది, నీళ్ళు చర్మానికి తగలవు, అందుకే అన్నాడు. కాలి వేళ్ళ మధ్య పొర ఉందని ఆయనే కనిపెట్టి నాకు చెప్పాడు, అది నా నోట్సులో లేదు. నీటికుక్క తోక అని చదివితే పడీ పడీ నవ్వాడు.

"కుక్కకు నీటికుక్క తోకా? మరి నీటికుక్కకు ఏం తోక?"

"నవ్వితే కుట్లు ఊడతాయి నాయనా."

"మొదట్లో లావు, కొనకు సన్నం. నీళ్ళల్లో మలుపు తిరిగేదానికప్పా ఇది. పొడుగైతే నీకేం నష్టం?"

తోక మూడు వేళ్ళు ఎక్కువైందని ఆ కుక్కను ఏడాదిగా తక్కువ చేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

మిగిలింది మెత్తని నోరు. దీన్ని ఎట్లా చూస్తారని అడిగితే తెలియదన్నాను. తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. ఒక పొద్దున పక్కింట్లో పెద్ద గోల. కోడిపెట్ట రెక్కలు విదిలించి అరుస్తోంది, దానికంటే గట్టిగా పక్కింటి ఆవిడ అరుస్తోంది. నేను పరుగున వచ్చేసరికి కుక్క గోడ దూకి, మూతి బిగించుకుని నేరుగా నాయన దగ్గరికి పోతోంది. దాని పెదవుల సందున పసుపుపచ్చని ఈకలు కనిపించాయి. అయిపోయింది అనుకున్నాను. అచ్చిరాని కుక్క పక్కింటి కోడిపిల్లను తిన్నదంటే ఆ ఊళ్ళో దానికి ఇక నూకలు చెల్లినట్టే.

నాయన అలవాటుగా చెయ్యి చాపాడు. కుక్క నోరు తెరిచింది.

"పాపా, ఏందిది? తడిగా ఉండాది. కొట్టుకుంటా ఉండాది."

కోడిపిల్ల. ఒళ్ళంతా చొంగతో తడిసి ముద్దైంది కానీ, ఎక్కడా గీత పడలేదు. నాయన దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, చిటికెన వేలితో మెడ, రెక్కలు, కాళ్ళు అన్నీ తడిమాడు. కిచకిచమంది. పక్కింటి ఆవిడ గోడ అవతల తిట్టు సగంలో ఆపేసి నోరు తెరుచుకుని చూస్తోంది. నాయన కోడిపిల్లను నాకిచ్చి, వేలును కుక్క నోట్లో పెట్టి పెదవులు, చిగుళ్ళు తడిమి చూశాడు. ఆయన చెయ్యి అక్కడి నుంచి తల మీదికి, మెడ మీదికి పోయింది. రెండు భుజాల మధ్య ఆగింది. ఆ సుడి మీదే.

"దీని మెడ మీద కాడి ఎవురు పెడతారు పాపా?"

నేను కోడిపిల్లను కొంగుతో తుడుస్తూ ఆయన వైపు తిరిగాను.

"కాడి కింద సుడి ఉంటే వెంట్రుక తిరగబడి ఒరుసుకుంటాది. పుండు పడతాది. పుండు పడిన ఎద్దు దున్నదు, అది దున్నకపోతే ఇల్లు గడవదు. మా తాత సెప్పింది అదీ. నేను పుండు మాట మర్సిపోయి ఇల్లు మాట ఒగటే పట్టుకున్నా." కుక్క వీపు నిమిరాడు. "ఒగొగటీ సూస్తే దీంట్లో తప్పులుండాయి. ఉండనీ. యాడ సెయ్యి పెట్టినా ఇది తెచ్చిచ్చే కుక్కేనని తెలస్తా ఉండాది. జాతంటే అదే గదా."

మా లెక్చరరు గంటసేపు బోర్డు నింపి చెప్పలేకపోయిన సంగతి అది. ఒక అవయవం కాదు, కొలత కాదు. ఏ పనికి పుట్టిందో ఆ పని ఒళ్ళంతా కనిపించడం. కళ్ళకు కట్టు ఉన్న మనిషి చెబితే నాకు కనిపించింది.

నలభై రోజులయ్యాక తిరుపతిలో కట్టు విప్పి, సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చారు. ఇంటికి వచ్చి నాయన మొదట చూసింది నన్ను కాదు, కుక్కను. చాలాసేపు చూసి, "నా సేతులు సెప్పినట్టే ఉండాది" అన్నాడు. ఆ శనివారం పొద్దున్నే గొలుసు చేతికి చుట్టుకుని, సంతకు పోదాం పద అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. కొత్త అద్దాలతో పల్లం మెరక తెలియక తడబడుతున్నాడు, నేను మోచెయ్యి పట్టుకుని నడిచాను.

సంత మధ్యలో నిలబడి అందరినీ పిలిచాడు. రైతులు వచ్చారు, కుక్కను చూసి నాలుగడుగులు వెనక్కి వేశారు. సుబేదారు గారు కూడా ఆ గుంపులో ఉన్నారు. నాయన కుక్క భుజాల మధ్య వెంట్రుకలు పాయ తీశాడు.

"ఈ సుడి సూడండప్పా. ఇది ఇంటికి అచ్చిరాదని సెప్పినోడు ఎవురు?"

"నువ్వే గదా మామా" అన్నాడు ఒక రైతు.

"నేనే. తప్పు సెప్పినా. ఎద్దును సూసే లెక్కతో కుక్కను సూసినా. నా కండ్లను ఇది తినలే, నా కండ్లు లేనప్పుడు ఇదే నాకు కండ్లయి ఉన్నింది."

ఏది జరుగుతుందని నేను భయపడ్డానో అదే జరిగింది. ఆ రైతే మళ్ళీ అడిగాడు. "అట్లయితే మామా, పోయినేడు మా కోడెకు సుడి బాగలేదని వద్దంటివే. అది గూడా తప్పేనా?"

ముప్పై ఏళ్ళ పేరు ఆ ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. కాదని ఒక్క మాటతో తోసేసి ఉంటే ఎవరూ కాదనేవాళ్ళు కాదు. నాయన అద్దాలు తీసి పైగుడ్డతో తుడుచుకున్నాడు.

"అయ్యుండచ్చప్పా. కాడి కింద సుడి ఉంటే పుండు పడకుండా సూసుకో. ఇల్లు మునుగుతాదని సూసుకోవాకు. కాలు నొప్పి, ఊపిరి, లోపలి జబ్బు, ఇవి సుడిలో కనిపించవు. దానికి మా పాప ఉండాది. అది సదువుకునింది. ఇంగ ఆడికి తోలుకుపోండి."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సంతలో ఏడ్చిన డాక్టరని పేరు పడకూడదని, పక్కనున్న దూడ నోరు తెరిచి పళ్ళు చూస్తున్నట్టు వంగాను. ఆ దూడ నా వేలు కొరికింది.

సుబేదారు గారు గొంతు సవరించుకుని ముందుకొచ్చారు. "పెద్దాయనా, అట్లయితే నా కుక్కను నాకు ఇచ్చేయండి. మా ఇంట్లో పుట్టిందే గదా."

"లేదప్పా" అన్నాడు నాయన గొలుసును ఇంకో చుట్టు చుట్టుకుంటూ. "సుడి దానికి ఉండాది. నీకు లేదు."

సంతంతా నవ్వింది. సుబేదారు గారు కూడా నవ్వారు, వేరే దారి లేక.

సోమవారం నేను ఆసుపత్రి తాళం తీసేసరికి గేటు బయట ఒక ఎద్దు నిలబడి ఉంది. ముందరి కాలు నేల మీద పూర్తిగా ఆనించడం లేదు. తోలుకొచ్చింది సంతలో ప్రశ్న అడిగిన రైతే. నన్ను చూసి, వీధి వైపు ఒకసారి చూసి, ఏమనుకున్నాడో, పగ్గం పట్టుకుని లోపలికి వచ్చాడు. నాయన అప్పటికే వరండాలో కూర్చుని ఉన్నాడు. రైతు చేతిలో నుంచి జారిన పగ్గం కొసను కుక్క నోట కరుచుకుని బుద్ధిగా నిలబడింది. ఎద్దు దాన్ని మూచూసి ఊరుకుంది.

నేను చీర కొంగు నడుముకు దోపుకుని, వంగి, ఎద్దు కాలు ఎత్తి పట్టుకున్నాను. నేను అనుకున్నదానికంటే బరువుగా, వెచ్చగా ఉంది.

రైతు అలవాటు కొద్దీ వరండా వైపు తిరిగాడు. "ఏం మామా, ఏమంటావు?"

"నన్నడగతావేం అబ్బా? డాక్టరు ఆడుండాది" అని నాయన కళ్ళద్దాలు సర్దుకుని, నేనేం చెబుతానో వినడానికి నా వైపు తిరిగి కూర్చున్నాడు.